గోదావరి ఒడ్డున కాలపు హద్దురాయి

రాళ్ళలో రాసిన చరిత్ర – 7వ భాగం

(గత భాగంలో తిరుమల ఘాట్ రోడ్డు పక్కన, కోట్ల ఏళ్ల కాలం ఆనవాలు లేకుండా చెరిగిపోయిన గీత దగ్గర ఆగాం. చెరిగిపోని కాలాన్ని ఎక్కడ వెతకాలన్నది ఈ వారం కథ.)

దిల్‌సుఖ్‌నగర్ వెనక వీధుల్లో ఒక పాత ఇంటికి మరమ్మతు జరుగుతోంది. వసారాలో మేస్త్రి బూడిదరంగు బండను నీళ్ళు చల్లుతూ కోస్తున్నాడు. దారిన పోతున్నవాణ్ణి అక్కడే నిలబడిపోయాను. "షాబాదు బండ సార్. మా నాయిన కాలం నుంచి ఇదే ఏస్తున్నం. ఇల్లు పాతదైతది గాని బండకేం గాదు" అన్నాడాయన. కోసిన అంచును చేత్తో తుడిచి చూపించాడు. నోటుపుస్తకం అంచులా సన్నని గీతలు, ఒకదానిమీద ఒకటి.

"ఇది ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద" అన్నాను. ఆయన బండకేసి చూశాడు, నాకేసి చూశాడు. "ఈడ సముద్రమా? ఎప్పుడు సార్? ఎవరు జూసిండ్రు?"

ఆ ప్రశ్నకు వీధిలో నిలబడి జవాబు చెప్పడం నాకు చేతకాలేదు. ఈ వ్యాసం ఆయన కోసమే.

కాళ్ళకింద సముద్రం

తాండూరు, షాబాదు బండలు భీమా నది పరీవాహక ప్రాంతంలో దొరికే సున్నపురాయి. వంటగదిలో గ్యాసు పొయ్యి పెట్టే నల్లటి కడప బండ కూడా సున్నపురాయే. ఈ రెండూ ప్రాచీన సముద్రాల అడుగున పొరలు పొరలుగా దిగిన బురద గట్టిపడి రాయైనవి. దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఎల్బీనగర్‌లోనో పాత ఇంట్లో పీట వేసుకుని అన్నం తింటున్న మనిషి నిజంగానే ఒక సముద్రగర్భం మీద కూర్చుని తింటున్నాడు.

కానీ ఆ బండను "నువ్వు ఏ కాలం దానివి?" అని అడిగితే సూటిగా చెప్పలేదు. గవ్వలూ, ఆలిచిప్పలూ, పీతలూ ఇంకా పుట్టని రోజుల్లో పేరుకున్న రాయి అది. పొరలున్నాయి గానీ, ఆ పొరల్లో కాలాన్ని పోల్చుకోవడానికి పనికొచ్చే ముఖాలు లేవు. ఇక ఆ బండ కింద హైదరాబాద్ నేలలో ఉన్నది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. పునాది తవ్వినా, బోరు వేసినా, మెట్రో స్తంభానికి గుంత తీసినా తగిలేది అదే. 250 కోట్ల ఏళ్ల నాటి రాయి, దాని మీద నిన్నమొన్నటి మన్ను. నడుమ జరిగిన చరిత్రను ఈ నేల దాచుకోలేదు.

దాచుకున్న నేల కావాలంటే ఎల్బీనగర్ చౌరస్తాలో రాత్రి బస్సెక్కి గోదావరి దాకా పోవాలి.

హద్దురాయి ఎందుకు

ఎల్బీనగర్ చుట్టుపక్కల కాలనీలు వేసిన రోజులు గుర్తున్నవాళ్ళకు హద్దురాయి విలువ ఒకరు చెప్పనక్కర్లేదు. కాగితం మీద ఎన్ని గజాలని రాసినా, నేల మీద రాయి పాతితేనే ప్లాటు. రాయి కదిలితే తగువు.

కాలానికీ అంతే. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ గదుల్లో జురాసిక్, క్రిటేషియస్, పేలియోసీన్ అని వరస పెట్టి వల్లిస్తుంటారు. ఒక యుగం ముగిసి ఇంకొకటి మొదలైందని ఎవరు చెప్పారు? ఎక్కడ గీత గీశారు? ఆ గీత ఉన్నది ఏ పుస్తకంలోనో కాదు, రాతిలో. క్లోంక్ అనే చిన్న గుట్ట నేటి చెక్ దేశంలో ఉంది. సైలూరియన్, డెవోనియన్ కాలాల నడుమ హద్దును అక్కడి ఒక పొర దగ్గర స్థిరపరుస్తూ 1972లో ప్రపంచ భూవిజ్ఞానులు తీర్మానించారు. భూమ్మీద ఎక్కడ వివాదం వచ్చినా ఆ పొరతో పోల్చుకుని తేల్చుకోవాలి. అలా అంగీకారంతో పాతిన మొట్టమొదటి కాలపు హద్దురాయి అది. తర్వాత ఒక్కో కాలానికీ ఒక్కో చోటు వెతికారు. ఇటీవలి కాలాల హద్దులు కొన్నిటిని మంచుపొరల్లోనూ గుహల్లోనూ గుర్తించారు గానీ, మిగతా వాటిలో దాదాపు అన్నీ సముద్రపు రాళ్ళలోనే ఉన్నాయి.

సముద్రమే ఎందుకు? నేల మీద పడిన మన్ను నిలవదు. వాన కోస్తుంది, ఏరు ఈడ్చుకుపోతుంది. లోతైన సముద్రం అడుగున ఆ తొందర లేదు. బురద, దుమ్ము, చనిపోయిన జీవుల గుల్లలు నిదానంగా దిగుతూనే ఉంటాయి. పై పొర కొత్తది, కింది పొర పాతది. ఏ పొరలో ఏ జీవి ఉందో చూసి పొరల వరస చెప్పవచ్చని మొదట గట్టిగా గ్రహించినవాడు ఇంగ్లండులో కాలువల తవ్వకానికి కొలతలు తీసిన విలియం స్మిత్. ఆ ఎరుకతోనే ఆయన 1815లో ఒక దేశపు రాళ్ళ పటాన్ని అచ్చువేశాడు.

అయితే ప్రతి శిలాజమూ హద్దు చెప్పలేదు. సాక్షికి నాలుగు లక్షణాలుండాలి. లెక్కకు మిక్కిలిగా దొరకాలి. ప్రపంచమంతా వ్యాపించి ఉండాలి. కొద్దికాలమే బతికి పోవాలి. చూడగానే గుర్తుపట్టేలా ఉండాలి. డైనోసార్ ఎముకలకు మొదటి లక్షణమే లేదు. నాలుగూ ఉన్న జీవి కంటికి సరిగా ఆనదు. దాని పేరు ఫోరామినిఫెరా.

ఆవగింజలో పదోవంతు

ఫోరామినిఫెరా ఏకకణ జీవి. తన చుట్టూ తానే సున్నంతో గదులు గదులుగా గుల్ల కట్టుకుంటుంది. వీటిలో కొన్ని జాతులు సముద్రపు పైనీటిలో తేలుతూ బతికి, చనిపోయాక అడుగుకు రాలిపోతాయి. సముద్ర ప్రవాహాలు వాటిని ఖండాలు దాటిస్తాయి కాబట్టి ఒకే కాలంలో ఒకే జాతి ఇటలీలోనూ, ట్యునీషియాలోనూ, మన గోదావరి తీరంలోనూ దొరుకుతుంది.

క్రిటేషియస్ చివర సముద్రాల్లో ఇవి పెద్దవిగా, నగిషీ చెక్కినట్టుగా ఉండేవి. గ్లోబోట్రంకానా అనే జాతుల గుల్లలు వాటికి మంచి ఉదాహరణ. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కింద, పొరల లెక్కలో ఉన్నట్టుండి, అవి మాయమవుతాయి. ఆ వెంటనే పై పొరల్లో కనిపించేవి మరీ చిన్నవి, సాదావి, మిల్లీమీటరులో పదోవంతు ఉండేవి. కష్టకాలాన్ని తట్టుకోగల గెంబెలిట్రియా మొదట ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ తర్వాత పార్వులారుగోగ్లోబిజెరినా యూగుబినా అనే కొత్త జాతి పుడుతుంది. పేరు పొడుగే గానీ అర్థం ఊరిపేరే. ఇటలీలోని గుబ్బియో ఊరి దగ్గర సున్నపురాయిలో దీన్ని గుర్తించి, ఆ ఊరి పాతపేరు మీద 1964లో లూటర్‌బాకర్, ప్రెమోలి సిల్వా నామకరణం చేశారు. హద్దు దాటిన తొలి మూడు లక్షల ఏళ్లలోపే పుట్టి, అంతలోనే అంతరించిన జీవి ఇది. కాబట్టి ఏ రాతిలో యూగుబినా దొరికితే ఆ రాయి డైనోసార్ల యుగం అప్పుడే ముగిసిన నాటిది.

అదే గుబ్బియోలో, ఆ హద్దు దగ్గరి సన్నని మట్టి పొరలో ఇరిడియం అనే అరుదైన లోహం అసాధారణంగా ఎక్కువ ఉందని లూయిస్ అల్వారెజ్, వాల్టర్ అల్వారెజ్, ఫ్రాంక్ అసారో, హెలెన్ మిషెల్ 1980లో ప్రకటించారు. ఆకాశం నుంచి పెద్ద గ్రహశకలం వచ్చి పడిందన్నది వాళ్ళ వాదన. మెక్సికోలో చిక్సులూబ్ దగ్గర పూడిపోయి ఉన్న పెద్ద బిలం ఆ వాదనకు బలమిచ్చింది. క్రిటేషియస్ ముగిసి పేలియోసీన్ మొదలైన హద్దును 1991లో ట్యునీషియాలోని ఎల్ కెఫ్ దగ్గర ఆ మట్టి పొర అడుగున స్థిరపరిచారు.

హద్దురాయి ట్యునీషియాలో పడింది. మరి గోదావరి ఒడ్డున ఏముంది?

ఒకే పేజీ మీద అగ్నీ సముద్రమూ

గోదావరికి ఎడమ ఒడ్డున రాజమండ్రిని ఆనుకుని కాటేరు. కుడి ఒడ్డున పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు. ఈ ఊళ్ళ క్వారీల్లో నల్లరాయి తవ్వుతారు. రోడ్లకు వేసే కంకర అది. ఆ నల్లరాయి చల్లారిన లావా. మహారాష్ట్ర కొండలైన దక్కన్ లావా ప్రాంతపు అంచు ఇక్కడికి దాదాపు 400 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఈ లావా పుట్టినచోటు అంతకంటే దూరం, పడమటి కనుమల దాపు. ఆనాటి నదీలోయల వెంబడి దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి బంగాళాఖాతపు తీరం చేరిందని 2008లో స్టీఫెన్ సెల్ఫ్ బృందం వాదించింది. భూమ్మీద తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాలు ఇవే కావచ్చని కూడా వాళ్ళన్నారు.

దక్కన్ లావా మిగతా చోట్ల నేల మీద పారి చల్లారింది. అక్కడ లావా పొరల మధ్య దొరికేవి చెరువుల్లోని నత్తలూ, చెట్ల శిలాజాలూ. వాటితో కాలం కొంతవరకే తెలుస్తుంది. గోదావరి దగ్గర లావా సముద్రపు ఒడ్డుకు చేరింది. క్వారీ గోడను కింది నుంచి చదువుకుంటూ వస్తే అడుగున దుద్దుకూరు దగ్గర టరిటెల్లా అనే పొడవాటి మెలికల గవ్వలున్న సముద్రపు రాయి. దాని మీద కింది లావా. దాని మీద ఆలిచిప్పలూ గవ్వలూ ఉన్న సున్నపురాయి, మట్టి, కొన్ని అడుగుల మందం. దాని మీద పై లావా. అన్నిటి మీద ఎర్రటి రాజమండ్రి ఇసుకరాయి.

అంటే అగ్నిపర్వతం ఒక వాక్యం రాసింది, సముద్రం ఒక వాక్యం రాసింది, మళ్ళీ అగ్నిపర్వతం రాసింది. నడిమి వాక్యాన్ని చదవగలిగితే రెండు లావాల తేదీలూ తెలుస్తాయి.

చదవడానికి దాదాపు నూటయాభై ఏళ్లు పట్టింది. నాగపూర్‌లో ఉంటూ రాళ్ళను పరిశీలించిన మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ 1860లో లండన్ భూవిజ్ఞాన సంఘం పత్రికలో ఈ రాజమండ్రి గవ్వల గురించి రాశాడు. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ ఈ తీరమంతా తిరిగి పొరలకు పేర్లు పెట్టాడు. 1880లో అచ్చయిన ఆయన గ్రంథంలో మన ఊళ్ళే పేర్లయ్యాయి. గోలపల్లి ఇసుకరాయి, రాఘవాపురం షేలు, తిరుపతి ఇసుకరాయి. ఆ తిరుపతి చిత్తూరు దగ్గరిది కాదు, చిన్నతిరుపతి అని మనం పిలుచుకునే ద్వారకా తిరుమల కొండ.

1934లో శాస్త్రవేత్త బీర్బల్ సహానీ దక్కన్ లావా క్రిటేషియస్‌దా, ఆ తర్వాతి కాలానిదా అని ప్రశ్న లేవదీసి, తర్వాతిదేనన్న వైపు మొగ్గాడు. అదే దశకంలో బెంగుళూరు సెంట్రల్ కాలేజీ ఆచార్యుడు ఎల్. రామారావు, ఎస్.ఆర్. నారాయణరావు, కె. శ్రీపాదరావు ఈ సున్నపురాయిని పలచగా సానబెట్టి సూక్ష్మదర్శిని కింద చూశారు. నాచు శిలాజాలూ, ఫోరామినిఫెరా కనిపించాయి. వీటి ప్రకారం లావా డైనోసార్ల యుగం తర్వాతిదేనని వాళ్ళూ చెప్పారు. తేదీ తర్వాత సవరించబడింది గానీ, జవాబు ఈ చిన్న గుల్లల్లోనే ఉందని దారి చూపింది వాళ్ళే. కాలపు గడియారం వెతకాల్సింది లావాలో మాత్రమే కాదు, దాని మధ్య ఇరుక్కున్న సముద్రంలో అని.

బోరుబావి నుంచి వచ్చిన సాక్ష్యం

కోనసీమ, పశ్చిమ గోదావరి వరిచేల కింద ఇదే లావా లోతుగా సాగిపోతుంది. చమురు కోసం ఓఎన్‌జీసీ తవ్విన బావులు దాన్ని చీల్చుకుని దిగాయి. నేల కింది ఆ లావా పొరకు చమురు శాస్త్రవేత్తలు రాజోలు పేరు పెట్టారు. దాని పై మట్టి పొర పాలకొల్లు షేలు. ఇంకా పైన పాసర్లపూడి, భీమనపల్లి, నర్సాపూర్, రవ్వ. కింద చింతలపల్లి. కోట్ల ఏళ్ల కాలానికి మెట్లు కట్టి, ఒక్కో మెట్టుకు ఒక్కో గోదావరి ఊరి పేరు పెట్టినట్టుంటుంది ఆ పట్టిక. మన ఊళ్ళ పేర్లు అంత లోతున, అంత పాతకాలం మీద రాసి ఉన్నాయని కోనసీమ పిల్లల్లో ఎందరికి తెలుసు?

బావిలోని రాతితో పని చేయడం క్వారీలో పని చేసినట్టు ఉండదు. డ్రిల్లింగ్ బురదతో పాటు రాతి తునకలు పైకి వస్తాయి. వాటిని నానబెట్టి, మెత్తబరిచి, పిండిజల్లెడ కంటే ఎన్నో రెట్లు సన్నని జల్లెడలో కడుగుతారు. మిగిలినదాన్ని ఆరబెట్టి, నల్లటి పళ్ళెంలో పరిచి, తడిపిన సన్నని కుంచె కొనతో ఒక్కొక్క గుల్లనూ ఏరుతారు. అమ్మలు చేటలో బియ్యం ఏరినట్టే, కానీ సూక్ష్మదర్శిని కింద. ఇందులో ఒక చిక్కుంది. పైనున్న గోడల నుంచి రాలిన తునకలు కింది పొరల తునకల్లో కలిసిపోతాయి. కాబట్టి బావిలో కిందికి పోతూంటే ఒక జాతి మొదటిసారి ఎక్కడ తగిలిందన్నదే నమ్మదగ్గ సాక్ష్యం. దాని కింద ఎంత దూరం కనిపించినా ఆ లెక్కను నమ్మకూడదు. అలా ఏరిన గుల్లలతో బి.సి. జైప్రకాశ్, జె. సింగ్, డి.ఎస్.ఎన్. రాజు 1993లో పాలకొల్లు ప్రాంతపు బావుల ఆధారంగా ఒక పరిశోధన వెలువరించారు. క్రిటేషియస్ హద్దు దక్కన్ లావాతో ముడిపడి ఉందని పాలకొల్లు బావులు చెప్పాయి.

2008లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన గెర్టా కెల్లర్, తియెరి అడాటె, సునీల్ బాజ్‌పాయి తదితరులు రాజమండ్రి క్వారీల పొరలను చదివారు. కింది లావా మీద పడుకున్న సముద్రపు రాతిలో వాళ్ళకు దొరికింది యూగుబినా. గుబ్బియో పేరున్న ఆ చిన్న జీవి గౌరీపట్నం దాపుల్లో కనిపించింది. అంటే కింది లావా పారి చల్లారింది డైనోసార్ల యుగం ముగిసే వేళకే. పై లావా మరికొన్ని లక్షల ఏళ్ల తర్వాతిది. రాతిలో దాగిన అయస్కాంత దిశ కూడా దీనికి సరిపోయింది. భూమి ఉత్తర దక్షిణాలు తారుమారై ఉన్న కాలంలో కింది లావా, తిరిగి సరైన కాలంలో పై లావా గడ్డకట్టాయి. రెండు సాక్షులు వేర్వేరు భాషల్లో ఒకే మాట చెప్పడమంటే ఇదే.

ఆ తర్వాత ఓఎన్‌జీసీ శాస్త్రవేత్తలతో కలిసి బావుల రాళ్ళను చూసిన కెల్లర్ బృందం మరో అడుగు ముందుకు వేసింది. గోదావరి నేల కింద నాలుగు పెద్ద లావా ప్రవాహాలున్నాయనీ, మొదటి ప్రవాహం తర్వాతే తేలే ఫోరామినిఫెరా జాతుల్లో సగానికి పైగా పోయాయనీ 2011లో వాదించింది. ఈ లెక్కన జీవుల వినాశనానికి ముఖ్య కారణం దక్కన్ అగ్నిపర్వతాలు. ఎక్కువమంది శాస్త్రవేత్తలు ఇప్పటికీ చిక్సులూబ్ దెబ్బనే ప్రధాన కారణంగా చూస్తారు. 2019లో రెండు బృందాలు దక్కన్ రాళ్ళకు ఎంతో సూక్ష్మంగా వయసు కట్టినా, ఎంత లావా హద్దుకు ముందు, ఎంత తర్వాత అన్న దగ్గర అవి ఏకం కాలేదు. తగువు ముగియలేదు. కానీ ఆ తగువులో ఏ పక్షం వాదించాలన్నా లావాకీ సముద్రానికీ పొత్తు కుదిర్చే చోటు కావాలి. అలాంటి చోట్లు ప్రపంచంలో బహు కొద్ది. వాటిలో ఒకటి మన గోదావరి జిల్లాల్లో ఉంది.

క్వారీ ఇచ్చినది, క్వారీ తీసుకునేది

నిజాయితీగా ఒక మాట చెప్పుకోవాలి. ట్యునీషియాకు పోయిన హద్దురాయి రాజమండ్రికి రావడానికి వీలుండేది కాదు. ఇక్కడి సముద్రం లోతు తక్కువది. లావా వచ్చి పడినప్పుడల్లా రాత ఆగిపోయింది, కొంత చెరిగిపోయింది. ఎల్ కెఫ్‌లోలా విడవకుండా సాగిన పొరలు ఇక్కడ లేవు. ఈ చోటు విలువ హద్దు పాతడంలో లేదు. హద్దు దగ్గర ఏం జరిగిందో చెప్పే సాక్షిగా నిలబడటంలో ఉంది.

ఆ సాక్షిని మనకు చూపించింది క్వారీ కూలీలే. గునపం పడకపోతే, జిలెటిన్ పేలకపోతే ఆ గోడ బయటపడేది కాదు. అదే పని ఆ గోడను రోజురోజుకీ వెనక్కి నెడుతుంది కూడా. పని ఆపమని నేను అనను. ఆ కంకర మీదే మన రోడ్లు, ఆ కూలి మీదే అక్కడి ఇళ్ళు నడుస్తున్నాయి. కానీ ఒక్క గోడను, రెండు లావాల నడుమ సముద్రం పడుకున్న కొన్ని గజాల గోడను, అలాగే ఉంచాలని మాత్రం గట్టిగా అడుగుతాను. తిరుమల శిలాతోరణానికీ, విశాఖ ఎర్రమట్టి దిబ్బలకూ జాతీయ భూవైజ్ఞానిక స్మారకాలన్న గౌరవం దక్కింది. కాటేరు, గౌరీపట్నం ఆ వరసలో నిలబడదగ్గవి. ముందు తెలుగులో ఒక బోర్డు ఉండాలి. కింది పొర ఏది, పై పొర ఏది, నడుమ ఏం జరిగింది అని.

ఎల్బీనగర్ నుంచి నాగోలు వైపు పోతే బండ్లగూడలో భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ దక్షిణ ప్రాంత కార్యాలయం, శిక్షణ సంస్థ ఉన్నాయి. దేశం నలుమూలల నుంచి వచ్చే కొత్త భూవిజ్ఞానులు రాతిని చదవడం నేర్చుకునేది అక్కడే. దానికి కాస్త దూరంలో దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో అవే యుగాల పేర్లు పిల్లలు బట్టీ పడుతున్నారు. ఆ పిల్లల్లో చాలామంది సెలవులకు విజయవాడ దారి బస్సులే ఎక్కుతారు. ఈసారి గోదావరి జిల్లాలకు పోయేవాళ్ళు దేవరపల్లి దాటాక తెల్లవారు వెలుగులో కిటికీ తెరతీసి క్వారీలకేసి చూడండి. పరీక్షలో మీరు రాసే ఆ గీత అక్కడ నల్లరాయికీ తెల్లరాయికీ నడుమ ఉంది.

మేస్త్రికి ఇప్పుడు జవాబు చెప్పగలను. ఎవరూ చూడలేదు. చూసే కళ్ళున్న మనిషి అప్పటికి పుట్టలేదు. ఆవగింజలో పదోవంతు లేని జీవులు బతికినంత కాలం బతికి, సముద్రం అడుగుకు రాలి, తమ ఒంటిమీది సున్నాన్నే సంతకంగా వదిలిపోయాయి. మీరు కోస్తున్న బండలో ఆ సంతకం లేదు కాబట్టే అది తన తేదీ చెప్పలేకపోతోంది. గోదావరి ఒడ్డున ఉంది కాబట్టి చెప్పింది.

(వచ్చే భాగం: ప్రాణహిత-గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర దొరికి, నేడు హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడి ఉన్న కోటసారస్ కథ.)